పీహెచ్‌డీ గడువును వెనక నుంచి లెక్కపెట్టండి: పరిశోధకులు సమయాన్ని ఎలా అమర్చుకోవాలి

పరిశోధనలో చేరిన ఏడాదికల్లా అందరికీ తెలిసివచ్చే సంగతి ఒకటుంది. ఇక్కడ రోజూ పని అడిగేవారు ఎవరూ ఉండరు. డిగ్రీలోనూ పీజీలోనూ టైంటేబుల్, ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు మన తరఫున కాలాన్ని ముక్కలు చేసి పెడతాయి. పీహెచ్‌డీలో కోర్సువర్క్ (మొదట్లో హాజరు కావలసిన తరగతులు) ముగిసిన మర్నాటి నుంచి ఆ పని పరిశోధకుల మీదే పడుతుంది. తెల్లవారుజామున లేవమనో, ఫోన్ ఆపేయమనో చెప్పే సలహాలు దీనికి చాలవు. మన విశ్వవిద్యాలయాల నిబంధనలు, సెలవులు, ఫెలోషిప్ కాగితాలు, గైడ్‌గారి తీరిక, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక థీసిస్ రాయడానికి మిగిలే గంటలు ఎవరూ అనుకున్నన్ని ఉండవు. ఆ గంటలను ముందుగా గుర్తించి, వాటిని రాతకే కేటాయించి, మిగతా పనులన్నింటినీ వాటి చుట్టూ సర్దుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా భాష, చరిత్ర, సామాజిక శాస్త్రాల నుంచి వస్తాయి. ల్యాబ్‌లో పనిచేసేవారికి లెక్క మారే చోట ఆ మాట విడిగా చెబుతాను.

1. ముందు గడువులన్నీ ఒకే కాగితం మీదికి తెండి

మీ విశ్వవిద్యాలయపు పీహెచ్‌డీ ఆర్డినెన్సును (నియమావళిని), మీ ప్రవేశ ఉత్తర్వును, ఫెలోషిప్ మంజూరు పత్రాన్ని పక్కపక్కన పెట్టుకోండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, ప్రవేశం పొందిన తేదీ నుంచి గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. రీరిజిస్ట్రేషన్ ద్వారా ఇంకో రెండేళ్లు ఇవ్వవచ్చు గానీ మొత్తం ఎనిమిదేళ్లు దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్ల సడలింపు ఉంది, వారి విషయంలో మొత్తం పదేళ్లు దాటకూడదు. మహిళా పరిశోధకులకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో 240 రోజుల దాకా దొరుకుతుంది. మీ విశ్వవిద్యాలయం వీటికి తన సొంత షరతులు చేర్చి ఉండవచ్చు కాబట్టి ఆర్డినెన్సును మీరే చదవాలి, సీనియర్లు నోటిమాటగా చెప్పినదాని మీద ఆధారపడవద్దు.

ఈ తేదీల పక్కనే డబ్బు తేదీ కూడా రాయండి. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఉన్నవారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, అది సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా మారాక రూ.42,000 వస్తుంది. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. అయితే ఈ రెండూ కలిపి ఐదేళ్లే. నిబంధన ఆరేళ్లు ఇస్తుంటే ఫెలోషిప్ ఐదేళ్లకే ఆగిపోతుంది. ఆ ఆరో ఏడాదిలోనే చాలామంది గెస్ట్ లెక్చరర్ ఉద్యోగానికో, కోచింగ్ సెంటర్‌కో వెళ్లి, అధ్యాయాలను మధ్యలో వదిలేస్తారు. కాబట్టి జేఆర్‌ఎఫ్ ఉన్నవారు తమ గడువు ఐదేళ్లేనని కాగితం మీద రాసుకోవడం మేలు. ఫెలోషిప్ లేకుండా చదువుతున్నవారు ఇంట్లోవాళ్లు ఎంతకాలం నెట్టుకురాగలరో మొదటి నెలలోనే అడిగి, ఆ తేదీని అదే వరసలో రాసుకోవాలి. అది అడగడం ఇబ్బందిగానే ఉంటుంది గానీ, నాలుగో ఏడాదిలో అడగడం కంటే సులువు.

2. ఆ తేదీ నుంచి వెనక్కి రండి

మనలో చాలామంది ప్రణాళికను ఇవాళ్టి నుంచి ముందుకు వేస్తారు. మొదట చదువు, తర్వాత సమాచార సేకరణ, ఆ తర్వాత రాత అనుకుంటారు. అలా వేసినప్పుడు చివరన ఉన్న రాతకు మిగిలేది ముందున్న పనులు వదిలిపెట్టిన కాలం మాత్రమే. దీన్ని తిరగేయండి.

2025 జనవరిలో జేఆర్‌ఎఫ్‌తో చేరినవారిని ఉదాహరణగా తీసుకుందాం. ఫెలోషిప్ 2029 డిసెంబరుతో ముగుస్తుంది. థీసిస్ సమర్పణను 2029 సెప్టెంబరులో పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినా మూడు నెలలు చేతిలో ఉంటాయి. సమర్పణకు ముందు, మీ పరిశోధనను పర్యవేక్షించే సలహా సంఘం ఎదుట ప్రీసబ్మిషన్ సెమినార్, అక్కడ వచ్చే సవరణలు, ఇతరుల రాతలతో పోలిక ఎంతుందో చూసే సారూప్యత తనిఖీ, బకాయిలేవీ లేవన్న నో డ్యూస్ సంతకాలు, బైండింగ్ ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి మూడు నెలలు తీయండి. అంటే సెమినార్ 2029 జూన్‌లో జరగాలి. దానికి ముందు గైడ్‌గారు పూర్తి ప్రతిని చదవాలి. ఆయనకు పీజీ తరగతులు, మూల్యాంకనం, ఇంకో నలుగురు విద్యార్థులు ఉంటారు కనుక నాలుగైదు నెలలు పడుతుందనుకోండి. ఆ లెక్కన 2029 జనవరికి మొత్తం ముసాయిదా ఆయన బల్ల మీద ఉండాలి. ఐదు అధ్యాయాల థీసిస్ అయితే ఒక్కో అధ్యాయానికి నాలుగు నెలలు వేసినా ఇరవై నెలలు. అంటే రాత 2027 మే నెలలో మొదలవ్వాలి. కోర్సువర్క్, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదం పోగా సమాచార సేకరణకు మిగిలేది దాదాపు ఏడాదిన్నర. ఐదేళ్లున్నాయని నింపాదిగా ఉన్నవారికి ఈ ఏడాదిన్నర అంకె కాస్త కంగారు పుట్టించక మానదు, పుట్టించాలి కూడా.

ఇక ఈ లెక్కలోని ప్రతి అంచనానూ పెంచండి. మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ ప్రచురించిన అధ్యయనం మనకు మరీ దగ్గరిది, ఎందుకంటే అందులో అడిగింది థీసిస్ రాస్తున్న విద్యార్థులనే. సగటున 34 రోజుల్లో ముగిస్తామని వారు చెప్పారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే సగటున 49 రోజులకు దగ్గరగా చెప్పారు. చివరికి పట్టింది 55 రోజులకు పైనే. అంటే వారు ఊహించిన గడ్డుకాలం కంటే కూడా వాస్తవం ఎక్కువ కాలం తీసుకుంది. కాబట్టి మీ మనసుకు తోచిన అంకెకు సగం కలిపితే అది అతి జాగ్రత్త కాదు. ఇంతకంటే మంచి కొలత, మీరు ఇదివరకు ఎంఏ డిసర్టేషనో, ఒక సెమినార్ పత్రమో రాయడానికి పట్టిన అసలు కాలం. కొత్త అంచనా వేసేటప్పుడు ఆశను కాక ఆ పాత అనుభవాన్ని చూడండి.

ల్యాబ్‌లో పనిచేసేవారికి ఈ వెనుకలెక్కలో ఇంకో వరస చేరుతుంది. రసాయనాలు, పరికరాల కొనుగోలుకు కొటేషన్లు, కమిటీ ఆమోదం, సరఫరా దాటుకుని రావాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో ఆ దస్త్రాలన్నీ ఒకేసారి కదలడమో, ఒకేసారి ఆగడమో జరుగుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి కావలసిన పనైతే దాని సమావేశం తేదీలు మీ చేతిలో ఉండవు. ప్రయోగం చేయడానికి పట్టే రోజులను, ప్రయోగం మొదలవడానికి వేచి ఉండే రోజులను వేర్వేరు గళ్లలో రాయండి. ఆ రెండో గడిలోని రోజులన్నీ రాతకు వాడుకోదగినవే. అధ్యయన పద్ధతుల అధ్యాయం రాయడానికి ఫలితాలు రానక్కర్లేదు.

3. వారంలో మీకు నిజంగా ఉన్న గంటలు ఎన్నో చూడండి

పెద్ద లెక్క అయ్యాక చిన్న లెక్కకు రండి. రెండు వారాల పాటు ఏమీ మార్చకుండా, ఏ గంట దేనికి పోయిందో ఒక జేబు పుస్తకంలో రాయండి. దీనికి యాప్‌లు అనేకం ఉన్నాయి గానీ, యాప్‌ను ఎంచుకోవడంలోనే ఒక సాయంత్రం గడిచిపోతుంది. కాగితం చాలు. రెండు వారాల తర్వాత ఆ పుస్తకంలో తరగతులు, మూల్యాంకనం, డిపార్ట్‌మెంట్ పనులు, ఫెలోషిప్ కాగితాలు, ప్రయాణం, ఇంటిపని, వాట్సాప్, క్యాంటీన్ అన్నీ కనిపిస్తాయి. 2022 నిబంధనల ప్రకారం పరిశోధకులకు వారానికి 4 నుంచి 6 గంటలు బోధనలోనో, పరిశోధన సహాయకులుగానో పని ఇవ్వవచ్చు. మీకు పడుతున్నది పన్నెండు గంటలైతే, ఆ సంగతి అంకెతో సహా మాట్లాడడానికి ఈ పుస్తకమే ఆధారం అవుతుంది.

ఆ గంటల్లో మీ బుద్ధి చురుగ్గా ఉండేవి ఏవో గుర్తు పెట్టండి. హాస్టల్లో ఉన్నవారికి మెస్‌లో టిఫిన్ మొదలయ్యే ముందు గంటన్నర, రెండు గంటలు ప్రశాంతంగా దొరుకుతాయి. కొందరికి రాత్రి పది తర్వాతే పని సాగుతుంది. అదీ సరైనదే, మర్నాడు ఎనిమిదిన్నరకు తరగతి లేకపోతే. జూనియర్ కళాశాలలోనో, ప్రభుత్వ పాఠశాలలోనో ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేరినవారికి తెల్లవారుజామున ఒక గంట, ఆదివారం పూట నాలుగు గంటలు, రెండో శనివారం, దసరా, సంక్రాంతి సెలవుల్లో కొన్ని రోజులు మిగులుతాయి. పిల్లలున్న తల్లులకు ఆ గంట కూడా ఇంట్లో ఇంకొకరు పూనుకుంటేనే దొరుకుతుంది. అందువల్ల ఏ రోజు ఎవరు పిల్లల్ని చూసుకుంటారన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం. దాన్ని వదిలేసి టైంటేబుల్ వేస్తే ఆ టైంటేబుల్ గోడ మీదే మిగిలిపోతుంది.

పూర్తికాలపు పరిశోధకులకైనా లోతైన పనికి పనికొచ్చే గంటలు వారానికి పదిహేను, ఇరవై తేలితే నిరాశపడవద్దు. ఆ పదిహేను గంటలను కాపాడుకోగలిగితే థీసిస్ పూర్తవుతుంది. కాపాడుకోలేనివారికి నలభై గంటలున్నా కాదు.

4. ఆ గంటల్లో మొదట రాతను కూర్చోబెట్టండి

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది దీని మీదే. మన పరిశోధకుల్లో చదవనివారు అరుదు, రాయడాన్ని వాయిదా వేయనివారూ అరుదే. ఇంకొక్క పుస్తకం చూసి మొదలుపెడదామన్న మాటతో ఏళ్లు గడుస్తాయి. చదవడం అలసిన బుద్ధితో కూడా కొంత సాగుతుంది. గ్రంథసూచి సరిచేయడం, ఫోటోలకు పేర్లు పెట్టడం, ఫారాలు నింపడం మధ్యాహ్నం నిద్రమత్తులో కూడా చేయవచ్చు. రాత అలా సాగదు. కనుక చురుకైన గంటలన్నీ రాతకు, మిగిలినవి తక్కిన పనులకు అన్న నియమాన్ని మొదటి ఏడాది నుంచే అమలు చేయండి.

మొదటి ఏడాదిలో రాయడానికి ఏముంటుందని అడగవచ్చు. చదివిన ప్రతి ముఖ్య వ్యాసం మీదా అర పేజీ, మీ విషయంపై అంతకుముందు పనిచేసినవారితో మీకు ఎక్కడ పేచీ ఉందో రెండు పేజీలు, సేకరించిన ఒక పత్రాన్నో ఇంటర్వ్యూనో వివరిస్తూ మూడు పేజీలు రాయవచ్చు. ఇవే తర్వాత అధ్యాయాల్లోకి చేరతాయి. వీటిని సొంతంగా, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. తెలుగులో థీసిస్ రాసేవారిలో ఇప్పటికీ చేతిరాతతో రాసి డీటీపీ సెంటర్‌కు ఇచ్చేవారున్నారు. అక్కడ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో కొట్టిన పాఠం కంప్యూటర్‌లో వెతికితే దొరకదు, యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, వట్రసుడులు చెదిరిపోతాయి, ప్రతి చిన్న సవరణకూ మళ్లీ సెంటర్‌కు వెళ్లి కూర్చోవలసి వస్తుంది. యూనికోడ్‌లో తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడితే పట్టవచ్చు. ఆ వారాలు చివరి ఏడాదిలో నెలలుగా తిరిగి వస్తాయి.

రాయడానికి కూర్చున్న ప్రతిసారీ గంటన్నర పెట్టుకోండి. ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి, అంటే 25 నిమిషాలు పని చేసి 5 నిమిషాలు ఆగడం, ఇప్పుడు విద్యార్థుల్లో బాగా వాడుకలో ఉంది. జవాబు పత్రాలు దిద్దడానికి, పాదసూచికలు సరిచూడడానికి అది చక్కగా పనికొస్తుంది. ఒక శాసన పాఠాన్ని విడదీసేటప్పుడు, ఒక వాదాన్ని అల్లేటప్పుడు మాత్రం సరిగ్గా పట్టు దొరికే వేళకు గంట మోగుతుంది. అక్కడ దాన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

లేచే ముందు చివరి ఐదు నిమిషాలు ఒక పనికి కేటాయించండి. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చీటీ రాయండి. "రెండో అధ్యాయం" అని రాస్తే అది చీటీ కాదు. "1930ల నాటి గ్రంథాలయ సభల తీర్మానాలు మూడూ పోల్చాలి, రెండో తీర్మానంలో స్త్రీల సభ్యత్వం మాట ఎందుకు లేదో ఒక పేరా రాయాలి" అని రాస్తే రేపు కూర్చోగానే చేతులు కదులుతాయి. పూర్తికాని పని మనసులో మెదులుతూ వేరే పనికి అడ్డుపడుతుందని, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో నిర్దిష్టంగా అనుకుంటే ఆ రొద తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రయోగాలతో చూపారు. చీటీ రాశాక ఇంటికి వెళ్లి ఇంట్లోవాళ్లతో నిమ్మళంగా కూర్చోగలగడం దాని వల్ల వచ్చే రెండో లాభం.

5. నోట్సును, ఫైళ్లను మొదటి రోజు నుంచే ఒక పద్ధతిలో పెట్టండి

ఎక్కడో చదివాను, ఎక్కడో గుర్తులేదు అన్న మాట మీద పోయే సమయానికి లెక్కే లేదు. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి అందుబాటులో ఉంది. పుస్తకాల, వ్యాసాల వివరాలు అందులో పెట్టుకుంటే పాదసూచికలు, గ్రంథసూచి అదే తయారుచేస్తుంది, తెలుగు లిపినీ తీసుకుంటుంది. తెలుగు పేర్ల దగ్గర మాత్రం ముందే ఒక నిర్ణయానికి రావాలి. మన ఇంటిపేర్లు ముందుంటాయి, పిలిచేది అసలు పేరుతో, ఇంగ్లీషు ప్రచురణల్లో ఇంటిపేరు కాస్తా పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. సురవరం ప్రతాపరెడ్డిని "సు" కింద పెడతారా, "ప్ర" కింద పెడతారా, ఇంగ్లీషు వ్యాసంలో ఉన్న ఆయన పేరునూ తెలుగు పుస్తకం మీద ఉన్న ఆయన పేరునూ ఒకే వ్యక్తిగా ఎలా చూపుతారు అన్నవి మొదటి ఇరవై పుస్తకాలప్పుడే తేల్చుకోండి. నాలుగు వందల పుస్తకాలయ్యాక తేల్చుకుంటే అది రెండు వారాల శిక్ష.

నోట్సులో మూడు రకాల మాటలను విడివిడిగా ఉంచండి. రచయిత మాటలు యథాతథంగా ఉన్నవి కొటేషన్ గుర్తుల్లో పుట సంఖ్యతో, రచయిత చెప్పినదానికి మీ మాటల్లో సారాంశం వేరుగా, దాని మీద మీ ఆలోచన ఇంకో రంగులో. ఈ విభజన చేయనివారికి మూడేళ్ల తర్వాత ఏది ఎవరి మాటో తెలియదు. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో సారూప్యత 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని కూడా ఇవ్వనివ్వరు. అది దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపిన ఉల్లేఖనలు, గ్రంథసూచి ఈ లెక్కలోకి రావు. నోట్సు తీసుకునేటప్పుడు కొటేషన్ గుర్తు పెట్టడానికి పట్టేది ఒక్క క్షణం. అది పెట్టకపోతే పోయేది ఆరు నెలలు కావచ్చు.

ఫైళ్లకు తేదీతో మొదలయ్యే పేర్లు పెట్టండి. "1924-07-12-ఆంధ్రపత్రిక-పుట3" అని పెడితే కంప్యూటరే వాటిని కాలక్రమంలో వరసగా నిలబెడుతుంది. అధ్యాయం ముసాయిదాలకు కూడా ఇదే పద్ధతి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అన్న పేర్లతో ఉన్న ఫోల్డర్ ఏ డిపార్ట్‌మెంట్‌లో చూసినా ఒకటి కనిపిస్తుంది. మొత్తం సామగ్రికి మూడు ప్రతులుండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంటర్నెట్‌లోని డ్రైవ్‌లో. ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ రెండూ ఒకే సంచిలో పెట్టుకుని రైలెక్కితే అవి రెండు ప్రతులు కావు.

6. ప్రయాణాలను క్యాలెండర్‌తో సరిపోల్చండి

పాత పత్రికలు, దస్త్రాలు, రాతప్రతుల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కో, చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో వెళ్లవలసినవారు ముందుగా ఫోన్ చేసి పనివేళలు, సెలవులు, ఫోటోలు తీయనిస్తారా లేదా, పరిచయ లేఖ కావాలా అన్నవి కనుక్కోవాలి. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఉన్న పరిచయ లేఖలు నాలుగైదు సంచిలో ఉంచుకోండి. ఏ సంపుటాలు, ఏ సంవత్సరాలు చూడాలో జాబితా ఇంటి దగ్గరే రాసుకోండి. డిజిటైజ్ అయి ఇంటర్నెట్‌లో దొరికేవాటి కోసం రైలు టికెట్ కొననక్కర్లేదు. భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఇంటర్నెట్‌లో ఉంచే శోధగంగలో మీ విషయం మీద ఇదివరకు వచ్చిన థీసిస్‌లను, వాటి ఆధార గ్రంథాల జాబితాలను ముందే చూసుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. అక్కడ తీసిన ఫోటోలకు ఆ రాత్రి లాడ్జిలోనే పేర్లు పెట్టండి. వారం తర్వాత చూస్తే ఏ పుట ఏ సంచికదో పోల్చుకోలేరు.

గ్రామాల్లో ఇంటర్వ్యూలు చేసేవారు వ్యవసాయ పంచాంగాన్ని చూడాలి. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా నాట్లు, కలుపుతీతలు ఉంటాయి. వరికోతల వేళ కూలి వదులుకుని మీ ప్రశ్నలకు జవాబు చెప్పమనడం న్యాయం కాదు. వేసవిలో పొద్దు గూకాక అరుగుల మీద మనుషులు తీరికగా దొరుకుతారు, కానీ ఉపాధి హామీ పనులకు వెళ్లేవారు ఉదయం దొరకరు. పాఠశాలల్లో పరిశీలన కావాలంటే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా తలుపులు మూసి ఉంటాయి. ప్రభుత్వ కార్యాలయాల నుంచి గణాంకాలు కావాలంటే మార్చి నెలలో వెళ్లవద్దు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు అసలు ఎవరూ నోరు విప్పరు. ఇవన్నీ మీ వెనుకలెక్క కాగితంలో గుర్తు పెట్టుకుంటే ఆ ఏడాదిన్నరలో క్షేత్రపర్యటనకు పనికొచ్చే నెలలు ఏవో కళ్లకు కడుతుంది.

రికార్డ్ చేసిన ఇంటర్వ్యూను అక్షరరూపంలో పెట్టడానికి దాని నిడివి కంటే ఎన్నో రెట్లు పడుతుంది, అందులోనూ మాండలికం ఉంటే ఇంకా ఎక్కువ. కొత్త ఇంటర్వ్యూకు వెళ్లే ముందు పాతదాన్ని రాసి ముగించాలన్న నియమం పెట్టుకోండి. ముప్పై రికార్డింగులు పోగేసి కూర్చుంటే వాటి ముఖం చూడబుద్ధి కాదు.

7. గైడ్‌గారి సమయాన్ని కూడా మీరే అమర్చండి

కారిడార్‌లో ఎదురుపడినప్పుడు "ఏమ్మా, రాస్తున్నావా?" అని ఆయన అడగడం, "రాస్తున్నాను సార్" అని మీరు అనడం సమావేశం కాదు. నెలకు ఒకసారి అరగంట అడిగి తీసుకోండి. దానికి రెండు రోజుల ముందు ఒక పేజీ పంపండి. అందులో ఈ నెల ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఆయన నుంచి ఏ నిర్ణయం కావాలి అన్న మూడు విషయాలు చాలు. కలిసిన సాయంత్రమే "సార్, ఇవాళ మీరు చెప్పినవి ఇలా రాసుకున్నాను" అని ఒక మెయిల్ పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆయన వేరే మాట చెబితే ఆ మెయిల్ ఇద్దరికీ ఉపయోగపడుతుంది. ప్రతి సెమిస్టర్‌లోనూ సలహా సంఘం ఎదుట ప్రగతి నివేదిక ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ నెలవారీ పేజీలు ఆరు కలిపితే నివేదిక దాదాపు తయారైనట్టే.

సెమినార్ ఏర్పాట్లు, సర్టిఫికెట్ల టైపింగ్, అతిథులను స్టేషన్ నుంచి తీసుకురావడం వంటివి మన డిపార్ట్‌మెంట్లలో పరిశోధకుల మీదే పడతాయి. వీటికి పూర్తిగా కాదనడం అందరివల్లా కాదు, అన్నిసార్లూ మర్యాదగానూ ఉండదు. పని ఒప్పుకుంటూనే హద్దు చెప్పవచ్చు. "సార్, మూడో అధ్యాయం ఈ పదిహేనుకి ఇస్తానన్నాను కదా, సెమినార్ పనికి శుక్రవారం మధ్యాహ్నం నుంచి పూర్తిగా అందుబాటులో ఉంటాను" అన్న మాటలో వినయం ఉంది, తేదీ కూడా ఉంది. ఆ తేదీకి అధ్యాయం నిజంగా ఇచ్చినవారి మాటకు తర్వాత బలం వస్తుంది.

ఇక సర్టిఫికెట్ల కోసం నెలకో సదస్సుకు పరుగెత్తడం గురించి. 2022 నిబంధనలు థీసిస్ సమర్పణకు ముందు పత్రిక ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తీసేశాయి. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ఆర్డినెన్సులో దాన్ని ఉంచుకోవచ్చు కాబట్టి సరిచూసుకోండి. ఏదైనా సదస్సుకు పత్రం రాసేటప్పుడు అది మీ థీసిస్‌లోని ఏ అధ్యాయంలోకి వెళుతుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ఆహ్వానాన్ని వదులుకోండి.

8. శనివారం అరగంట, అవాంతరానికి ఒక వారం

ప్రతి శనివారం అరగంట కూర్చుని ఆ వారం రాత గంటలు ఎన్ని నిలిచాయో, ఎన్ని పోయాయో, ఎవరికి పోయాయో చూడండి. వచ్చే వారపు గంటలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఫారాలు, ఫోన్లు, బ్యాంకు పనులు, హాజరు సంతకాలు అన్నీ ఒకే మధ్యాహ్నానికి చేర్చండి. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి దూకినప్పుడు మొదటి పని తాలూకు ఆలోచన కొంతసేపు వెంటాడి రెండోదాన్ని పాడుచేస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపారు. చిల్లర పనులను రోజంతా చల్లుకుంటే జరిగేది అదే.

రెండు నెలలకు ఒక వారం ఏ పనీ పెట్టకుండా ఖాళీగా ఉంచండి. జ్వరం, ఇంట్లో పెళ్లి, విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం రాక, అకస్మాత్తుగా వచ్చిన ఇన్విజిలేషన్ డ్యూటీ ఆ వారాన్ని తినేస్తాయి. ఏదీ రాకపోతే నిజంగా విశ్రాంతి తీసుకోండి, ఊరికి వెళ్లిరండి. వరసగా మూడు వారాలు రాత గంటలు నిలవకపోతే మాత్రం తప్పు క్రమశిక్షణలో వెతకవద్దు. అధ్యాయం ప్రశ్న తేలకపోవడమో, ఆధారం చాలకపోవడమో, ఆరోగ్యం బాగుండకపోవడమో ఉంటుంది. మొదటి రెండింటికి గైడ్‌గారిని, మూడోదానికి వైద్యులను కలవండి.

థీసిస్ ఇచ్చాక కూడా క్యాలెండర్ మూసేయకండి. బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదివి, వైవా (మౌఖిక పరీక్ష) జరిగే దాకా మొత్తం మూల్యాంకనం ఆరు నెలల్లో ముగించాలని నిబంధన చెబుతుంది. ఆ నెలల్లో అదే రాత గంటల్లో ఒక అధ్యాయాన్ని పత్రికకు వ్యాసంగా మార్చండి. పరీక్షకుల నివేదికలు అందగానే వారి ఒక్కో ప్రశ్నకూ థీసిస్‌లోని పుట సంఖ్యతో సహా జవాబు రాసి, గైడ్‌గారికి చూపి, వైవాకు రెండు ప్రతులు తీసుకువెళ్లండి.